ఎర్రనది వెంట: ఉత్తర వియత్నాం పల్లెలలో పడవ, బస్సు ప్రయాణము



గోదావరి, కృష్ణా గట్ల వెంబడి సేద్యము చేయువారికి ఉత్తర వియత్నాం కొత్త దేశమువలె తోచదు. అచ్చటను ముఖ్యమైన పైరు వరియే. అచ్చటను పెద్ద నది, గట్లు, కాలువలు, చిన్న కమతములు కలవు. ఆ దేశములో కొండల నుండి పల్లపు భూముల దాక బస్సులోను, పడవలోను పోయినచో ఒక రైతు గమనింపదగిన విషయములను ఈ ప్రసంగములో మనవి చేసెదను. విహారమునకు పోవువారు గుహలను, సరస్సులను చూచి వత్తురు. మనము మాత్రము ఒక్క ప్రశ్నను వెంటబెట్టుకొని పోవుదము. అచ్చటి పొలమునకు బలము ఎక్కడి నుండి వచ్చుచున్నది?

హనోయి నగరములోని మి దిన్ బస్సు నిలయములో కొండ ప్రాంతములకు పోవు బస్సులు దొరకును. బా బే సరస్సు అచ్చటికి సుమారు 230 కిలోమీటర్లు. ఆ బస్సులు మనుష్యులతో పాటు బియ్యపు బస్తాలను, సామాను మూటలను కూడ చేరవేయును. దారిలో థాయ్ న్గుయెన్ ప్రాంతమున తేయాకు తోటలు కానవచ్చును. అవి దాటిన పిమ్మట లోయలు ఇరుకగును. లోయ అడుగున చదునైన చోట వరిమళ్ళు, వాలు నేలలో మొక్కజొన్న, పై కొండలపై మెట్లు మెట్లుగా చెక్కిన మళ్ళు ఉండును.

బా బే దగ్గర బస్సు దిగి నాంగ్ నది మీద మోటారు పడవ ఎక్కవచ్చును. పొడవైన సన్నని పడవ అది. నదిలో నీరు తగ్గిన కాలమున ఒడ్డున తేలిన ఒండ్రులో మొక్కజొన్న వేయుదురు. ఒకచోట నది కొండనే తొలుచుకొని, సుమారు 300 మీటర్ల పొడవున్న పువోంగ్ గుహ గుండా పారును. సరస్సు వైశాల్యము సుమారు 500 హెక్టారులు. బా బే అనగా మూడు సరస్సులని అర్థము. ఒడ్డున తాయ్ జాతివారు స్తంభములమీద ఇండ్లు కట్టుకొని, దిగువ పల్లమున వరి పండించుకొందురు. ఈ కొండ ప్రాంతములలో వెదురుతో చేసిన నీటి చక్రములు ఇప్పటికిని కొన్నిచోట్ల కలవు. వాగు ప్రవాహమే చక్రమును త్రిప్పును. అంచున కట్టిన వెదురు గొట్టములు నీటిని పైకి తెచ్చి దోనెలో పోయును. దానికి ఎద్దులు అక్కరలేదు, నూనె అక్కరలేదు.

వానలు పడినప్పుడు ఈ కొండల మట్టి నీటితో కలిసి దిగిపోవును. నాంగ్ నది గామ్ నదిలోను, గామ్ లో నదిలోను, లో నది వియెట్ ట్రి పట్టణము వద్ద ఎర్రనదిలోను కలియును. ఎర్రనదికి ఆ పేరు ఒండ్రు రంగువలననే వచ్చినది. దిగువనున్న డెల్టా అంతయు ఆ ఒండ్రుతో ఏర్పడిన భూమియే.

ఇచ్చటనే మన ప్రశ్నకు ముడి పడినది. వరదలకు తాళలేక ఆ దేశపు రాజులు నదికి ఇరువైపుల గట్లు పోయించిరి. 1248లో ట్రాన్ వంశపు రాజు గట్ల నిర్మాణమునకు ప్రత్యేకముగా అధికారులను నియమించెను. గట్టు క్రింద పోయిన పొలమును కొలిచి, రైతునకు వెల చెల్లింపవలెనని కూడ ఆజ్ఞాపించినట్లు వారి చరిత్ర గ్రంథములు చెప్పుచున్నవి. గట్లు ప్రాణములను, పంటలను కాపాడినవి. కాని వరదతో పాటు ఒండ్రు కూడ గట్టు బయటనే ఆగిపోయినది. నది ఊరకే ఇచ్చు సారమును రైతు తన చేతులతో తయారు చేసుకొనవలసి వచ్చినది.

గట్టు బయటి భూములను చూడవలెనన్నచో హనోయి నుండి బాట్ ట్రాంగ్ కుండల గ్రామమునకు పోవు పడవ ఎక్కవలెను. మన లంకల వంటి భూములు అవి. అరటి, మొక్కజొన్న, కూరగాయలు ఏపుగా పెరుగును. అయితే లంక భూమికి ఉన్న భయము దీనికిని కలదు. 2024 సెప్టెంబరులో యాగి తుపాను వచ్చినప్పుడు హనోయి వద్ద నది 11 మీటర్ల మట్టము దాటినది. ఇరువది సంవత్సరములలో అంత నీరు రాలేదు. పెద్ద గట్లు నిలిచినవి. లంకలలో కొత్త సంవత్సరపు పండుగకై పెంచిన పీచు చెట్లు, చిన్న నారింజ చెట్లు నీట మునిగి చచ్చినవి.

ఇక గట్టు లోపలికి పోవుదము. హనోయి నుండి ఆగ్నేయముగా థాయ్ బిన్ వైపు పోవు బస్సులో కూర్చున్నచో రోడ్డుకు ఇరువైపుల వరిమళ్ళే. అచ్చటి కొలత సావో. ఒక సావో 360 చదరపు మీటర్లు, అనగా మన లెక్కలో సుమారు 9 సెంట్లు లేక మూడున్నర గుంటలు. పెక్కు కుటుంబములకు కొద్ది సావోలే కలవు, ఎకరమైనను ఉండదు. జనవరి, ఫిబ్రవరిలో నాటిన వరిని జూనులోపల కోయుదురు. జూలైలో నాటినది అక్టోబరుకు కోతకు వచ్చును. శీతకాలమున అనేకులు బంగాళదుంప, కూరలు కూడ వేయుదురు. మన గూడ వంటి బుట్టకు త్రాళ్ళు కట్టి, ఇద్దరు ఎదురెదురుగా నిలిచి నీరు తోడుట కూడ వారి పాత అలవాటు. నేడు ఆ పని మోటారు పంపులు చేయుచున్నవి.

ఇంటి దగ్గర తోట, చెరువు, పందుల దొడ్డి మూడింటిని కలిపి నడుపుదురు. దొడ్డి పెంట పొలమునకు, చెరువు బురద తోటకు, తోటలోని ఆకు చేపలకు, పందులకు చేరును. ఒకదాని వ్యర్థము మరియొకదానికి మేత. 2019లో ఆఫ్రికా పందిజ్వరము వచ్చి పెక్కు ఇండ్ల దొడ్లు ఖాళీ అయినవి. దానితో పొలమునకు పోవు పెంట కూడ తగ్గినది.

ఆ ప్రాంతముననే లా వాన్ అను గ్రామము కలదు. నీటిపై తేలు అజొల్లా నాచును పెంచి, దాని విత్తనమును ఇతర గ్రామములకు అమ్ముటలో అది తరతరములుగా పేరు పొందినది. అజొల్లా ఆకులలో నివసించు సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించును. చలికాలపు మడిలో కొద్దిగా వేసినచో కొద్ది దినములకే రెట్టింపగును. దానిని బురదలో తొక్కినచో వరికి ఎరువగును. వేసవి ఎండకు అది చచ్చును గనుక, నీడలో కాచి విత్తనమును నిలుపుట కష్టమైన పని.

1988 తరువాత సహకార క్షేత్రముల సాగు కుటుంబముల చేతికి వచ్చినది. యూరియా సులభముగా దొరకినది. పడుచువారు కర్మాగారములకు పోసాగిరి. అజొల్లా సాగు చాలమట్టుకు మూలబడినది. యూరియాను నిందించుట నా ఉద్దేశము కాదు. 1945 కరవులో ఉత్తర వియత్నాంలో లక్షలాది జనులు ఆకలితో చనిపోయిరి. అదే దేశము 1989 నాటికి బియ్యమును పెద్ద ఎత్తున ఎగుమతి చేయగలిగినది. అందు ఎరువులకును పాత్ర కలదు. కాని వందల ఏండ్ల విద్య ఒక్క తరములో చేయి జారినచో, బస్తా ధర పెరిగిన నాడు రైతునకు మరియొక ఆధారము మిగులదు.

మనమును పచ్చిరొట్టను అట్లే మరచుచున్నాము. జలాశయములు కట్టిన పిదప మన కాలువలకు వచ్చు ఒండ్రు కూడ తగ్గినది. కావున ఈ సంవత్సరము రెండు పనులు చేసి చూడుడు. వానకాలపు నాట్లకు ముందు ఎకరమునకు 10 నుండి 12 కిలోల జీలుగ విత్తి, పూత దశలో కలియదున్నుడు. పశువుల మేతకు తొట్లలో అజొల్లా పెంచువారు, దాళ్వా నాట్ల చల్లని దినములలో 5 సెంట్ల మడిలో దానిని వేయుడు. రెండంగుళముల నీరు నిలిపి, కొద్దిగా సూపర్ ఫాస్ఫేటు చల్లుడు. నాచు మడినంతయు కప్పినప్పుడు నీరు తీసి తొక్కుడు. బాగుగా అల్లుకొన్న ఒక పొర ఎకరమునకు సుమారు 10 కిలోల నత్రజని ఇచ్చును. ఆ మేరకు యూరియా తగ్గించి, ప్రక్క మడి దిగుబడితో పోల్చి చూచుకొనుడు. లెక్క మీకే తెలియగలదు.