ఊపిరితిత్తుల బిగింపు వ్యాధులు: కారణములు, లక్షణములు, చికిత్స

(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మహాసభలయందు విద్యనుగూర్చియు, వివాహవ్యయములను తగ్గించుటనుగూర్చియు, సహకార సంఘములనుగూర్చియు ప్రసంగములు జరుగుట వాడుక. నేడు నేను విన్నవింపబూనినది ఊపిరినిగూర్చి. చదువునకైనను, సంపాదనకైనను మూలము ఊపిరియే కదా. సిరిసిల్లయందు సాంచాలు, జగిత్యాల కోరుట్లలయందు బీడీల చాటలు, గల్ఫు దేశములయందు కట్టడపు పనులు: ఈ మూడును మన యిండ్లకు అన్నము పెట్టుచున్నవి, మూడును దుమ్ము కూడ పెట్టుచున్నవి. కావున ఈ విషయము మనకు పరాయిది కాదు.

మొదట వ్యాధి స్వరూపము చెప్పెదను. మన ఊపిరితిత్తులలో 30 కోట్లకు పైగా సన్నని గాలిగదులు కలవు. వాని గోడలు మిక్కిలి పలుచని బట్టవంటివి. బట్టకు గంజి మితిమీరినచో ఏమగునో నేతగాండ్రకు వేరుగ చెప్పనక్కఱలేదు. అది బిరుసెక్కును, సులువుగ సాగదు. గాలిగదుల గోడలయందు వాపు పుట్టి, అది మాని మచ్చ కట్టినపుడు అట్లే జరుగును. తిత్తి నిండుగ విప్పుకొనదు. లోనికి పోవు గాలి తగ్గును. గోడ దళసరియగుటచే ప్రాణవాయువు నెత్తురులోనికి దిగుట కష్టమగును. దీనినే వైద్యులు రెస్ట్రిక్టివ్ వ్యాధి యందురు. ఉబ్బసమునకును దీనికిని గల భేదమును గుర్తుంచుకొనుడు. ఉబ్బసమున గాలి పోవు గొట్టము ఇరుకగును. ఇందు తిత్తియే కుంచించుకొనును. ఒకదాని మందు అన్నివేళల రెండవదానికి పనికిరాదు.

కారణములు రెండు తెగలు. తిత్తి బాగుగనే యున్నను పైనుండి దానిని బిగించునవి మొదటి తెగ: వెన్నెముక వంకరపోయి గూని యేర్పడుట, అతిస్థూలత్వము, కండరములును నరములును బలహీనపడుట, క్షయవలన రొమ్ములో నీరు చేరి పొర దళసరియగుట. తిత్తియందే మచ్చ కట్టునవి రెండవ తెగ. వీనిలో కొన్నిటికి కారణము తెలియదు. కీళ్లవాతము, చర్మము బిగియు స్క్లెరోడెర్మా మొదలగు జబ్బులతో కొన్ని వచ్చును. గుండెలయ తప్పినపుడిచ్చు అమియోడరోన్‌వంటి మందులవలన కొందఱికి కలుగును. మిగిలినవి పీల్చిన దుమ్మువలన వచ్చును.

దుమ్మునుగూర్చి వివరింపవలసియున్నది. వృత్తులవలన కలుగు రోగములనుగూర్చి ఇటలీ దేశపు వైద్యుడు రామజ్జినీ 1700వ సంవత్సరముననే గ్రంథము ప్రకటించి, అవిసెనార, జనుపనార దువ్వువారి దగ్గును అందు వర్ణించెను. ప్రత్తిదుమ్మువలన కలుగు బిసినోసిస్ అను జబ్బునందు సెలవుదినము గడచి పనికి మరలినవెంటనే రొమ్ము బిగియును. ఇది ముఖ్యముగ గొట్టముల జబ్బు. నేను చెప్పుచున్న బిగింపు వ్యాధితో దీనిని కలుపరాదు. కాని కృత్రిమపు పోగులకు దోషము లేదని యెంచుటయు తప్పు. 1990 దశకమున అమెరికా, కెనడా దేశములలో నైలానుపోగును పొడిగ కోసి బట్టపై అంటించు మిల్లుల కార్మికులకు గాలిగదుల జబ్బు వచ్చినట్లు వైద్యులు కనుగొనిరి. సిరిసిల్లలో నేయునది ఎక్కువగ పాలిస్టరుబట్ట. ఆ మిల్లుల పని వేఱు, మన సాంచాల పని వేఱు. అయినను పోగుల నూగు ఊపిరికి హాని చేయదను భరోసా ఎవరును ఈయజాలరు.

రాతిదుమ్ము అంతకంటె తీవ్రమైనది. కరీంనగరము చుట్టుపట్ల గ్రానైటు కోయువారును, పరదేశములందు కాంక్రీటు తొలుచువారును పీల్చు సిలికా తిత్తులయందు గట్టిముద్దలు కట్టించును. పని మానినను కొందఱిలో ఆ జబ్బు పెరుగుచునే యుండును. తంబాకుదుమ్ము బీడీలు చుట్టు సోదరీమణులకు దగ్గును, ఆయాసమును తెచ్చును. బీడీ కాల్చుటచే కారణము తెలియని మచ్చజబ్బునకు అవకాశము హెచ్చునని తేలియున్నది.

ఇంటిలోనుండు కారణము మఱియొకటి కలదు. భారతదేశమున 27 వైద్యకేంద్రములలో 1,084 మంది రోగులను పరిశీలించి 2017వ సంవత్సరమున ప్రకటించిన నివేదికయందు, ఇంచుమించు 47 శాతము మందికి సేంద్రియ ధూళిని పీల్చుటవలని అతిస్పందన జబ్బే యని తేలెను. వారిలో దాదాపు సగముమంది ఎయిర్ కూలర్ల గాలిలో నుండువారు. మన యెండలు మీకు తెలిసినవే. కూలరు లేని యిల్లు అరుదు. వేసవి గడచినపిమ్మట గడ్డితడకలతో అట్లే మూలబెట్టి, మరుసంవత్సరము కడుగకయే త్రిప్పు కూలరు బూజును గదినిండ వెదజల్లును. పావురముల రెట్టలు, బూజుపట్టిన గడ్డి కూడ ఇట్టివే.

ఇక లక్షణములు. జబ్బు దొంగవలె మెల్లగ వచ్చును. మొదట మెట్లెక్కునపుడు, బరువు మోయునపుడు మాత్రమే ఆయాసము. కఫము లేని పొడిదగ్గు నెలల తరబడి విడువదు. జ్వరము సాధారణముగ ఉండదు. కొందఱికి వ్రేళ్లకొనలు ఉబ్బి గోళ్లు చిలుకముక్కువలె వంగును. వైద్యుడు వీపు అడుగుభాగమున స్టెతస్కోపు ఉంచి వినినచో, వెల్క్రో పట్టీ ఊడదీసినట్టి చిటపట వినవచ్చును. వ్యాధి ముదిరినచో కూర్చున్నను ఆయాసము, పెదవులు నీలివర్ణమగుట, కాళ్లు వాచుట సంభవించును.

ఇక్కడనే పెద్ద ప్రమాదమున్నది. ఆయాసమనగానే ఉబ్బసమనియు, దగ్గనగానే క్షయయనియు, ఏబదియేండ్లు దాటినవానికైనచో ముసలితనమనియు సరిపెట్టుకొందురు. కళ్లెలో క్షయక్రిమి కనబడకున్నను ఎక్స్‌రేయందలి మచ్చలు చూచి మరల మరల క్షయమందులు మ్రింగినవారు దేశమంతట కలరు. క్షయపరీక్ష తప్పక చేయింపవలెను. ఏలయన క్షయకూడ మన ప్రాంతమున నున్నది, అది మానిన మచ్చయు తిత్తిని బిగించును. కాని పరీక్షలో క్షయ లేదని తేలి, దగ్గు తగ్గనియెడల అక్కడ ఆగరాదు.

పరీక్షలు కష్టమైనవి కావు. ఇంగ్లండు దేశమున జాన్ హచిన్సన్ అను వైద్యుడు 1846వ సంవత్సరమున రెండువేలకు మించిన జనుల ఊపిరిని కొలిచి, స్పైరోమీటరు యంత్రముయొక్క ప్రయోజనమును లోకమునకు చాటెను. నేటికిని మొదటి పరీక్ష అదియే. నిండుగ పీల్చి బలముగ ఊదవలెను. ఉబ్బసమువంటివానియందు మొదటి సెకనులో వెలువడు వాటా తగ్గును. బిగింపు వ్యాధియందు మొత్తము గాలియే తగ్గును. మొదటి సెకను వాటా మాత్రము సరిగనో, హెచ్చుగనో యుండును. పిమ్మట తిత్తులందు పట్టు మొత్తము గాలిని కొలిచియు, సన్నని పొరల సీటీ స్కాన్ తీసియు నిర్ధారణ చేయుదురు. వ్రేలికి తగిలించు ఆక్సీమీటరును కూర్చున్నపుడొకసారి, ఆరు నిమిషములు నడచినపిదప ఒకసారి చూచుట మంచిది. నడకతో అంకె నాలుగు మెట్లు పడినచో ఉపేక్షింపరాదు. జగిత్యాలయందు 2022లోను, సిరిసిల్లయందు 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. హైదరాబాదునందు ఎఱ్ఱగడ్డ ఛాతీ ఆసుపత్రియు, నిమ్స్ సంస్థయు కలవు. రోగి వైద్యునికి తన పనిని, ఆ పని చేసిన యేండ్లను తప్పక చెప్పవలెను. అడుగకున్నను చెప్పుడు.

చికిత్సయందు మొదటి మందు కారణమును తొలగించుటయే. అతిస్పందన జబ్బునందు బూజునుగాని పావురమునుగాని దూరము చేసినచో ఆదిదశలో చాలవఱకు నయమగును. వాపు అధికముగనున్నచో వైద్యుని పర్యవేక్షణయందు స్టెరాయిడ్లు ఇత్తురు. కాని మచ్చగ మారినది మరల బట్టవలె మెత్తబడదు. కారణము తెలియని మచ్చజబ్బునందు స్టెరాయిడ్లను చిరకాలము వాడుట మేలుచేయదు. వేఱు రెండు మందులతో కలిపి వాడినపుడు కీడే హెచ్చినట్లు 2012లో తేలినది. ఆయాసమునకని ఊరిలో సూదులు వేయించుకొనువారు ఈ మాట మఱువరాదు. ఆ జబ్బునకు పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ అను రెండు మందులు వ్యాధి వేగమును తగ్గించునని 2014లో రుజువయ్యెను. అవి పోయిన ఊపిరిని తేలేవు. ఉన్నదానిని కొంతకాలము నిలుపును. విశ్రాంతియందే ఆక్సిజను 88 శాతమునకు దిగినవారికి ఇంటివద్ద ఆక్సిజను అవసరము. క్రమబద్ధమైన వ్యాయామము, మంచి యాహారము, ఇన్‌ఫ్లుయెంజా, న్యుమోనియా టీకాలు మేలుచేయును. అన్నియు విఫలమైనపుడు తగినవారికి తిత్తుల మార్పిడి కలదు.

“పని మానినచో తినునదేమి?” అని మీలో పలువురు తలంచుచుందురు. ఆ ప్రశ్న న్యాయమైనది. ముక్క లెక్కన కూలి వచ్చువానికి ఒక దినము పడకకూడ అప్పే. కావున పని మానుడని నేను చెప్పను. దుమ్మును తగ్గింపుడని చెప్పెదను. సాంచాల కార్ఖానాలో పొడిచీపురుతో ఊడ్చుటకు మాఱు తడిగుడ్డతో తుడువవలెను. గాలిని బయటికి లాగు పంకాలు పెట్టవలెను. మూతికి కట్టిన తువాలు సన్నని దుమ్మును ఆపదు. సరిగ బిగిసిన ఎన్-95 మాస్కు ఆపును. రాయి కోయుచోట నీరు చల్లుచు కోయవలెను. బీడీచాటను వంటయింటికిని పసిపిల్లల యూయెలకును దూరముగ నుంచవలెను. కూలరు గడ్డిని ఏటేట మార్చి, తొట్టిని కడిగి ఆరబెట్టవలెను. బీడీ చుట్టువారు బీడీ కాల్చకుండుట అన్నిటికంటె మేలు.

ఇవి కూలివాడొక్కడే చేయదగినవి కావు. పంకా పెట్టవలసినది సాంచాల యజమాని. మాస్కు ఈయవలసినది పని యిచ్చువాడు. ఈ సభయందు ఆసాములును, యజమానులును ప్రక్కప్రక్కనే కూర్చుండియున్నారు. ఒకే కులమువారు, ఒకే గాలి పీల్చువారు. 1923వ సంవత్సరపు కార్మిక నష్టపరిహార చట్టపు పట్టికయందు దుమ్మువలని ఊపిరి జబ్బులు వృత్తిరోగములుగ చేర్చబడెను. పని చేసిన యేండ్ల లెక్కయు, వైద్యుని చీటియు లేనిచో అట్టి చట్టము పేదవానికి అక్కఱకు రాదు.

కావున సంఘమునకు మూడు విన్నపములు. ప్రతివర్ష మహాసభయందును ఊపిరి ఊదించి కొలుచు శిబిరమును జరుపవలెను. సభ్యుల వృత్తియు, ఆ వృత్తియందు గడచిన యేండ్లును, ఊపిరి కొలతయు వ్రాయు పుస్తకమును సంఘము ఉంచవలెను. ఏటేట అంకె తగ్గుచున్నచో రోగికంటె ముందుగ పుస్తకమే చెప్పును. పోషకులు కల్యాణమండపమునకిచ్చు విరాళమున కొంతభాగమును ఒక స్పైరోమీటరుకును, పేదరోగుల ఆక్సిజనుకును కేటాయింపవలెను.

పోగు తెగినచో ముడివేయగల నేర్పు మనచేతులకు కలదు. ఊపిరితిత్తి బిరుసెక్కినపిదప దానిని విప్పు నేర్పు ఎవరికిని లేదు. బిరుసెక్కకముందే కాపాడు ఉపాయము మాత్రము మనకున్నది.