దండాలు మిగిలాయి, సర్వే నంబరు పోయింది

(గ్రామ కార్యకర్తల శిక్షణా తరగతిలో ఒక హైస్కూలు ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



పిల్లలకి సోషల్ మీడియాలో క్లుప్తంగా రాయటం ఎలా నేర్పుతున్నారో చెప్పండి మాస్టారూ అన్నారు. ముందు మా నాన్న సంగతి చెప్తాను. ఆయనకి చదువు రాదు. డి-పట్టా కింద మాకొచ్చిన ఎకరం చెక్కని పక్క చేను ఆసామి కలుపుకుని దున్నాడు. నాన్న ఒకరోజు కూలి డబ్బులు పోసి అర్జీ రాయించాడు. రెండు పేజీలు. మహారాజశ్రీలు, దండాలు, పాదాలు అన్నీ ఉన్నాయి. సర్వే నంబరు లేదు. అర్జీ తిరిగొచ్చింది. ఏడో తరగతి చదువుతున్న నేను ఆ కాగితం చదివి, అందులో ఏం లేదో నాన్నకి చెప్పాను. మా ఇంట్లో చదువు చేసిన మొదటి పని అదే.

నేను ఇప్పుడు బళ్ళో చెప్పేదీ అదే. ట్విట్టర్‌లో, 2023 నుంచి ఎక్స్ అంటున్నారు, ఒక్కసారికి 280 అక్షరాలే. 2017 దాకా 140. డబ్బు కడితే బారుగా రాసుకోవచ్చు. అక్కడా అంతే, ఉన్నోడికి ఎకరాలు, మనకి సెంట్లు. తెలుగుకి ఇంకో చిక్కుంది. 'స్త్రీ' మన కంటికి ఒకటే అక్షరం. ఆ లెక్కలో ఆరు. స, త, ర, గుడిదీర్ఘం, మధ్యలో రెండు పొల్లులు. మా పిల్లల్లో చాలామందికి సొంత ఫోను లేదు, అందుకని గళ్ళ పుస్తకంలో రాయించి లెక్కపెట్టిస్తాను.

పిల్లలు బారుగా రాస్తారంటే తప్పు వాళ్ళది కాదు. పేజీలు నిండితే మార్కులని మేమే నేర్పాం. పదో తరగతి పిల్ల ఒకతి తన పల్లె శ్మశానం దారి గురించి రాసింది. 'నేటి ఆధునిక కంప్యూటర్ యుగంలో కూడా' అని మొదలెట్టి, 'ఇది సభ్యసమాజం సిగ్గుతో తల దించుకోవలసిన విషయం' దాకా పోయింది. దారి ఎక్కడుందో లేదు. కొట్టెయ్యమ్మా అన్నాను. కొట్టేసి తెచ్చింది. పొట్టిగానే ఉంది. 'ఒక గ్రామంలో కొందరికి శ్మశానానికి దారి లేదు' అని.

మాదిగపల్లె అన్నమాట ఏమైందని అడిగాను. 'అక్షరాలు కలిసొస్తాయని సార్' అంది. కాసేపాగి, 'అందరూ చూస్తారు కదా సార్' అంది.

నేనేమీ అనలేకపోయాను. కాలేజీలో మీదేవూరని అడిగితే పక్కూరి పేరు చెప్పినవాణ్ణి నేను. మర్నాడు మాత్రం చెప్పాను. ఎవరికి జరిగిందో తీసేస్తే, ఎందుకు జరిగిందో కూడా పోతుందమ్మా, విశేషణాలు తియ్యి, తిట్లు తియ్యి, పల్లె పేరు ఉంచాలో వద్దో నువ్వే చూసుకో అని. నాలుగు రోజులకి ఇది తెచ్చింది:

'ఆగస్టు 12. మా తాత శవాన్ని మోకాటిలోతు నీళ్ళలో మోసుకెళ్ళాం. మాదిగపల్లె శ్మశానానికి దారి రికార్డులో ఉంది, నేలమీద లేదు. దున్నేశారు. తహసీల్దారు గారు సర్వే చేయించి దారి చూపాలి.'

ఊరు, మండలం, సర్వే నంబరు కూడా రాసింది. అవి ఇక్కడ చదవటంలేదు.

మీకు చెప్పాల్సింది ఒకటుంది. రాసింది పిల్లయినా పెట్టింది సంఘం పేరుమీద. పిల్లల్ని ముందుకి తోసి మనం వెనకుండకూడదు. అత్యాచారానికి గురైన ఆడపిల్ల పేరు, ఫొటో పెట్టటం చట్టప్రకారం నేరం. కోపంలో మనోళ్ళే పెడుతున్నారు, ఆపండి.

అంబేడ్కర్ 1920 జనవరి 31న మొదలెట్టిన 'మూక్‌నాయక్' కూడా పక్షపత్రికే. డబ్బు కడతామన్నా దాని ప్రకటన వెయ్యటానికి 'కేసరి' ఒప్పుకోలేదు. ఇవాళ మన ముక్క మనమే వేసుకోగలుగుతున్నాం. కాకపోతే ఆ కంపెనీలూ మనవి కావు. అందుకే అదే ముక్కని కాగితం మీద రాసి అర్జీగా ఇచ్చి రసీదు తీసుకోమన్నాను.

పెట్టిన రోజే 'ఇందులోకి కులం ఎందుకు తెస్తారు' అని కింద పది మంది రాశారు. ఆ పిల్ల వాళ్ళకి జవాబు రాయలేదు. సర్వేయరు వచ్చి గొలుసు పట్టి కొలిచాడు. రాళ్ళు ఇంకా పాతలేదు. ఇప్పుడు రెండో ముక్క రాస్తోంది. సర్వేయరు వచ్చిన తేదీతో మొదలెట్టింది.