ఇంగ్లీషులో ‘ఎట్లా?’ అనే ప్రశ్నకు జవాబు

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కర్నూలు, కడప జిల్లాల ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లీషు చెప్పినవాణ్ణి కనుక, భాష గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. ఈ వయసులో మనకు వ్యాకరణమెందుకని మీలో కొందరనుకోవచ్చు. బ్యాంకు నుంచి, ట్రెజరీ నుంచి, ఆసుపత్రి నుంచి మనకొచ్చే కాగితాలు చాలావరకు ఇంగ్లీషులోనే ఉంటాయి. వాటిలో రెండు మూడు చిన్న మాటలు అర్థం కాకపోతే కాళ్లరిగేలా తిరగవలసి వస్తుంది. అందుకే ఈ అంశం ఎంచుకున్నాను.

మన సీమకు కచేరీ ఇంగ్లీషు కొత్తది కాదు. 1800లో నిజాం ఈ దత్త మండలాలను కంపెనీకి అప్పగించాడు. మన్రోదొర 1807 దాకా ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా పనిచేశాడు. 1820లో కడపకు ఉద్యోగరీత్యా వచ్చిన సి.పి. బ్రౌన్ తెలుగు మీద మక్కువ పెంచుకుని, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చు వేయించాడు. ఆయన పేర కడపలో భాషా పరిశోధన కేంద్రం నేటికీ నడుస్తున్నది. ఒక దొర మన విభక్తులను అంత ఓపికగా నేర్చుకోగా లేనిది, మనం వాళ్ల ‘ప్రిపొజిషన్ల’ను చూసి బెదరడమెందుకు?

ఇక విషయానికి వస్తాను. ఒక పని ఎట్లా జరిగిందో చెప్పాలంటే తెలుగులో నామం తర్వాత ఏదో ఒకటి చేరుస్తాం. జాగ్రత్తగా, ప్రేమతో, పొరపాటున, ఆలస్యం లేకుండా – ఇవన్నీ అట్లాంటివే. ఇంగ్లీషువాడు ఆ చిన్న మాటను నామానికి ముందు పెడతాడు: విత్ కేర్, విత్ లవ్, బై మిస్టేక్, వితౌట్ డిలే. మనకు తోక, వాళ్లకు తల. తేడా ప్రధానంగా అంతే.

వాక్యంలో చోటు కూడా వేరు. ‘ఆమె ఉత్తరాన్ని జాగ్రత్తగా విప్పింది’ అంటాం మనం. క్రియ చివర ఉంటుంది. ‘షి ఓపెన్డ్ ది లెటర్ విత్ కేర్’ అంటారు వాళ్లు. క్రియ, కర్మ అయిపోయాకే సాధారణంగా ‘ఎట్లా’ వస్తుంది.

మన ‘తో’కు, వాళ్ల ‘విత్’కు చుట్టరికం ఎక్కువ. కత్తితో కోశాడు, కొడుకుతో వచ్చాడు, శ్రద్ధతో చదివాడు – మూడింటికీ ‘విత్’ సరిపోతుంది. ఒకటి సాధనం, ఒకటి తోడు, ఒకటి తీరు. అయితే అన్నిచోట్లా ఈ లెక్క కుదరదు. బస్సులో వచ్చానంటే ‘బై బస్’. కాలినడకన వచ్చానంటే ‘ఆన్ ఫుట్’. పొరపాటున చేస్తే ‘బై మిస్టేక్’. కావాలని చేస్తే ‘ఆన్ పర్పస్’. తొందరలో ఉంటే ‘ఇన్ ఎ హర్రీ’. వీటికి కారణాలు వెతకడం కంటే, జంటగా నోటికి పట్టించుకోవడమే మేలు. ‘బై హార్ట్’ను మనవాళ్లు ‘బైహార్టు చేసినాడు’ అని తెలుగులోనే కలిపేసుకున్నారు కదా! ‘ఫ్రెండ్లీ’ చివర ‘లీ’ ఉన్నా అది గుణాన్ని చెప్పే మాట. స్నేహంగా మాట్లాడాడనడానికి ‘ఇన్ ఎ ఫ్రెండ్లీ వే’ అనవలసిందే.

ఒక్కోసారి ఇంగ్లీషు వాక్యం రెండు దారుల మధ్య నిలబెడుతుంది. ‘హి హిట్ ది థీఫ్ విత్ ది స్టిక్’ అంటే కర్రతో దొంగను కొట్టాడనా, కర్ర పట్టుకున్న దొంగను కొట్టాడనా? తెలుగులో ఈ తికమక లేదు. ఫిర్యాదులు, అర్జీలు రాసేవారు ఇది గుర్తుంచుకుని, అనుమానం ఉన్నచోట వాక్యాన్ని రెండుగా విడగొట్టి రాయాలి.

ఇప్పుడు అసలు సంగతి. మా వీధిలో కుటుంబ పెన్షన్ తీసుకునే ఒక పెద్దావిడ ఉంది. మోకాళ్లు నొప్పి, గడప దాటలేదు. ఒక సంవత్సరం ఆమెకొచ్చిన కాగితంలో జీవన ధ్రువీకరణ పత్రం ‘ఇన్ పర్సన్ ఆర్ త్రూ జీవన్ ప్రమాణ్’ ఇవ్వాలని ఉంది. ఇంట్లోవాళ్లు ‘ఇన్ పర్సన్’ దగ్గరే ఆగిపోయారు. ‘స్వయంగా రమ్మన్నారమ్మా’ అని ఎండలో ఆటోలో ఎక్కించి తీసుకుపోయారు. వరుసలో రెండు గంటలు కూర్చొని, ఇంటికొచ్చి రెండు రోజులు పడుకుంది పాపం. ‘ఆర్’ తర్వాతి మూడు మాటలు చదివి ఉంటే ఇల్లు కదలే పనే లేదు. జీవన్ ప్రమాణ్ 2014లోనే వచ్చింది. వేలిముద్ర పడనివారికి ముఖం చూపి ధ్రువీకరించే సౌకర్యం 2021లో చేరింది. ఆ కాగితం అడిగింది ‘ఏ తీరున ఇస్తారు?’ అని, జవాబులు రెండు ఇచ్చింది.

అట్లాంటివే మరికొన్ని మనవి చేస్తాను. ‘ఇన్ రైటింగ్’ అంటే లిఖితపూర్వకంగా, నోటిమాట చాలదు. ‘బై హ్యాండ్’ అంటే టపాలో కాక, చేతికి అందజేయడం. అప్పుడు రసీదు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ‘అండర్ ప్రొటెస్ట్’ అంటే అభ్యంతరం తెలుపుతూ తీసుకుంటున్నానని. ‘ఇన్ ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్’ అంటే ఇంతటితో నా బాకీ పూర్తిగా తీరిందని. రావలసిన మొత్తం ఇంకా ఉండగా ఆ చివరి మాట కింద సంతకం పెడితే, మిగిలినది అడగడం కష్టమవుతుంది. ఎంత ఇచ్చారో చూసుకున్నట్టే, ఏ తీరున ఇచ్చారో కూడా చూసుకోవాలి.

కాబట్టి నా మనవి ఒక్కటే. కాగితం చేతికి రాగానే క్రియ ఏదో చూడండి, తర్వాత ‘ఎట్లా?’ అని అడగండి. విత్, బై, ఇన్, ఆన్, అండర్, త్రూ, వితౌట్ – ఈ ఏడింటి కింద పెన్సిలుతో గీత గీయండి. తెలియకపోతే మనవడినో మనవరాలినో పిలిచి చదివించుకోండి. వాళ్లకు ఇంగ్లీషు వచ్చు, మీకు ఆఫీసు మర్మం తెలుసు. ఇద్దరూ కలిసి కూర్చుంటే కాగితం లొంగుతుంది. కన్ను ఆనని తోటి పెన్షనర్లు ఎవరైనా ఉంటే, వారి కాగితం కూడా మనమే చదివి పెడదాం.