ఆఫీసులో సంతోషం ఎక్కడుండేది?

(అమీర్‌పేటలో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పనిచేసే చోట సంతోషం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పింఛను తీసుకునేవాళ్లకు ఇప్పుడు ఆ ఊసెందుకని మా ఇంట్లోనే నవ్వారు. మనలో చాలామందిమి పంజాగుట్ట నిమ్స్‌లో గుండె చూపించుకోవడానికి వరుసలో నిలబడుతున్నవాళ్లమే. ఆ గుండెకూ, మనం ముప్పయ్యేళ్లు కూర్చున్న కుర్చీకీ సంబంధం ఉందట.

ఈ మాట నాది కాదు. లండన్‌లో వైట్‌హాల్ అంటే మన సచివాలయం లాంటిది. అక్కడి ప్రభుత్వోద్యోగుల మీద 1967లో ఒక పరిశోధన మొదలుపెట్టి, సుమారు 18,000 మంది పురుషులను ఏళ్ల తరబడి గమనించారు. పై అధికారులతో పోలిస్తే అట్టడుగున ఉన్న బంట్రోతులు, కాపలాదారుల మరణాల రేటు సుమారు మూడింతలు కనిపించింది. పెద్ద అధికారికి టెన్షను ఎక్కువ, గుండెపోటు ఆయనకే వస్తుందని మనం అనుకునేవాళ్లం కదా! వాళ్లలో ఎవరూ పస్తులున్నవాళ్లు కారు. అందరికీ నెల జీతం, ప్రభుత్వ వైద్యం ఉన్నాయి. 1985లో మైఖేల్ మార్మాట్ అనే డాక్టరుగారి ఆధ్వర్యంలో, ఈసారి స్త్రీలను కూడా కలుపుకొని, 10,308 మందితో మళ్లీ చూశారు. తమ పని ఎలా చేయాలో తమ చేతిలో లేనివాళ్లకు గుండెజబ్బు ఎక్కువని తేలింది. పొగతాగడం, రక్తపోటు వంటివి లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా పోలేదు.

మన గుమాస్తాలకు ఇది కొత్త సంగతేమీ కాదు. నేను ఇద్దరు సూపరింటెండెంట్ల కింద పనిచేశాను. ఆఫీసు పేరు అనవసరం. ఒకాయన మనం రాసిన నోటు చదవకుండానే ‘మాట్లాడండి’ అని రాసి తిప్పి పంపేవారు. వెళ్లి నిలబడితే ‘తర్వాత రండి’ అనేవారు. ఆయన దగ్గర ఫైలు నడవడానికి మన బుర్ర అక్కరలేదు, కాళ్లుంటే చాలు. మరొకాయన తపాలు రాగానే కొత్తగా చేరిన కుర్రవాడికి కూడా ఒక కష్టమైన కాగితం ఇచ్చేవారు. డ్రాఫ్టు రాయించి, పెన్సిలుతో దిద్ది, ఎందుకు దిద్దారో చెప్పి, మళ్లీ రాయించేవారు. జీతం అదే, విరిగిన కుర్చీలు అవే, ఫ్యాను తిరగని వేసవి అదే. అయినా ఆ సెక్షనులో ఉన్నన్నాళ్లు సెలవు పెట్టడానికి మనసొప్పేది కాదు.

దీని విలువ 1983లో తెలిసింది. ఆ ఫిబ్రవరి 8న పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గిస్తూ జీవో వచ్చింది. 55 దాటినవాళ్లంతా 28వ తేదీన ఒకేసారి ఇంటికి! ప్రభుత్వోద్యోగులే 18,000 పైచిలుకు. పెళ్లి కావలసిన కూతుళ్లున్నవాళ్లు, సగం కట్టిన ఇళ్లున్నవాళ్లు. ఆ ఉత్తర్వు మంచిచెడ్డల జోలికి నేను పోను. సుప్రీంకోర్టు 1985లో దాన్ని సమర్థించింది, వయసు మాత్రం మళ్లీ 58 అయింది. నేను చెప్పదలచింది ఆ మార్చి నెల సంగతి.

వెళ్లిపోయినవాళ్ల పింఛను కాగితాలు తయారుచేసే బాధ్యత మిగిలిన మా మీద పడింది. సర్వీసు రిజిస్టర్లలో సంతకం లేని ఇంక్రిమెంట్లు, తేలని సెలవు లెక్కలు, ఎప్పుడో పనిచేసిన జిల్లాల నుంచి తెప్పించవలసిన ధ్రువీకరణలు. పక్క సెక్షను పెద్ద గుమాస్తాగారు పని ఎవరికీ నేర్పలేదు, నేర్పితే తన విలువ తగ్గుతుందని. ఆయన వెళ్లాక బీరువా తెరిస్తే ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే దిక్కులేదు. పాపం, అందరికంటే ఆలస్యమైనవి ఆయన కాగితాలే. పెన్సిలు సూపరింటెండెంటుగారివి మాత్రం ఎవరూ చెప్పకుండానే మేము ఆదివారాలు కూర్చుని పూర్తిచేశాం. ఏజీ ఆఫీసు నుంచి ఒక్క అభ్యంతరం రాలేదు. డ్రాఫ్టింగు నేర్పింది ఆయనే మరి!

ఇప్పుడు మన మనవలు ఇక్కడే, మైత్రీవనం చుట్టుపక్కల కోచింగులో కంప్యూటరు నేర్చుకుని, అమీర్‌పేటలో మెట్రో ఎక్కి హైటెక్ సిటీకి వెళుతున్నారు. వాళ్ల ఆఫీసుల్లో ఏసీ, కాఫీ యంత్రం, పుట్టినరోజుకు కేకు. సంతోషించవలసిందే. అయినా మా మనవరాలు ఒకరోజు రాత్రి పదింటికి ఇంటికి వచ్చి, ‘తాతయ్యా, నేను చేసిన పని ఎందుకు మార్చారో కూడా చెప్పరు’ అంది. చెప్పేవాళ్లు ఎవరూ లేరా అని అడిగాను. ‘ఒకావిడ ఉంది. ఆవిడ టీములోకి మారదామనుకుంటున్నాను గానీ జీతం పెరగదు’ అంది. మారమన్నాను. వాళ్ల నాన్నకు నా మీద ఇంకా కోపంగానే ఉంది.