టోకియో నగరమున కూరయన్నము



టోకియో నగరమున జింబోచో యను పేట పాతపుస్తకముల యంగళ్లకు ప్రసిద్ధి కెక్కినది. కూరయన్నము పెట్టు చిన్న పూటకూళ్ల యిండ్లును అచ్చట పెక్కు గలవు. మధ్యాహ్నమున ఉద్యోగులును విద్యార్థులును వాని వాకిళ్ల వరుసగా నిలుతురు.

పళ్లెమున నొకవైపు తెల్లని జిగురన్నము. వేఱొకవైపు పిండి కలిపి చిక్కపఱచిన ముదురురంగు పులుసు. అందు మాంసము, బంగాళాదుంప, క్యారెట్టు ఉండును. ప్రక్కన తీపి కలిసిన ఊరగాయ. చేతితో గాక చెంచాతో తిందురు. కారము తక్కువ, తీపి యెక్కువ. మనవారు మొదటి ముద్దకే “ఇదియా కూర?” యని నవ్వవచ్చును.

ఆ నవ్వు నొకింత ఆపుడు. ఈ వంటకము 19వ శతాబ్దమున మన దేశమునుండి నేరుగా గాక, ఇంగ్లీషువారి వంటయిండ్ల మీదుగా జపానునకు చేరినది. మన చేతివంట యచ్చటికి పోయిన కథ వేఱు.

ఆంగ్లప్రభుత్వము వెదకుచుండగా, రాసబిహారీ బోసు 1915లో జపాను చేరెను. అదే నగరమున, షింజుకు పేటలో, నకమురాయ యను రొట్టెల యంగడి యజమానులు ఆయనను తమ యింట దాచిరి. వారి కుమార్తె తోషికోను ఆయన 1918లో వివాహమాడెను. 1925లో ఆమె గతించెను. 1927లో ఆ యంగడివారు భోజనశాల తెఱవగా, అందు భారతీయుల కూరయే పెట్టవలెనని ఆయన కోరి, వండువిధము నేర్పెను. 1945లో స్వదేశము చూడకయే టోకియోలో కన్నుమూసెను. ఆ కూర నేటికిని అచ్చట వడ్డించుచున్నారు.

ఇల్లు చేరలేనివాడు ఇంటిరుచిని నిలిపెను. ఆశ్రయమిచ్చినవారు దానిని కాపాడిరి. కావున పరదేశమున మన వంట మాఱురుచితో ఎదురైనచో నవ్వవలదు. అది యే దారిని, ఎవరి చేతులమీదుగా వచ్చెనో అడిగి తెలిసికొనుడు.