మృగయావినోదము: కుందేటి వేటయు, బీగిల్ జాగిలములును
(వార్షిక మహాసభయందు చదివిన ఉపన్యాసము)

  

ఈ మహాసభలో ఏదేని యొక విషయమును గూర్చి ప్రసంగింపుడని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. విద్యను గూర్చియు, వివాహవ్యయమును గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు మాకంటె సమర్థులు మాటాడనున్నారు. కావున మేము వేటను గూర్చి, అందునను కుందేటి వేటను గూర్చి చెప్పనెంచితిమి. ఇది సభకు తగిన విషయమా యని కొందరు నవ్వవచ్చును. కాని మన పూర్వులు గొప్ప వేటకాండ్రని గర్వముతో చెప్పుకొనువారు మనలో పెక్కురు గలరు. సంక్రాంతికిని ఉగాదికిని కుక్కలను వెంటగొని పొలములపై బడి కుందేళ్లను కొట్టుట మన యాచారమనియు, దానిని మానినచో కులగౌరవము మాసిపోవుననియు వాదించు యువకులును గలరు. ఆ వాదమును విచారించుటయే మా యుద్దేశము. అందులకై మొదట, ఈ వినోదమును ఒక శాస్త్రమువలె పెంచిన దేశముల సంగతి చెప్పుదుము.

బీగిల్ అను కుక్కను మీలో కొందరు చూచియే యుందురు. అమెరికాయందున్న బిడ్డలను చూడబోయిన తల్లిదండ్రులు విమానము దిగి పెట్టెలకై నిలిచియుండగా, పచ్చని చొక్కా తొడిగిన యొక చిన్నకుక్క వచ్చి పెట్టె ప్రక్కన మర్యాదగా కూర్చుండును. అంతట అధికారి పెట్టె తెరిపించి, చీరల మడతల నడుమ దాచిన మామిడిపండ్లను, కరివేపాకును వెలికిదీయును. ఈ కుక్కల దండును ఆ దేశపు వ్యవసాయశాఖవారు 1984 లో లాస్ ఏంజలెస్ విమానాశ్రయమున మొదట నెలకొల్పిరి. మామిడిపండును పట్టుట దానికి నేర్పిన విద్య. కుందేటి జాడను పట్టుట దాని పుట్టువిద్య.

వేటకుక్కలు రెండు తెగలు. చూపుతో వేటాడునవి కొన్ని, ముక్కుతో వేటాడునవి కొన్ని. మన దక్షిణదేశపు ముధోల్, చిప్పిపారై జాగిలములు మొదటి తెగవి. సన్నని నడుము, పొడుగు కాళ్లు, గాలివంటి పరుగు వాని లక్షణములు. బీగిల్ రెండవ తెగది. ఎత్తు పదమూడు మొదలు పదునారు అంగుళములు, వ్రేలాడు చెవులు, గడ్డిలో సైతము కనబడునట్లు నిలిపియుంచు తెల్లని తోకకొన. పరుగున ఇది కుందేటిని అందుకొనజాలదు. నేలపై నిలిచిన వాసనను పట్టుకొని, అడుగడుగును వెదకుచు, కంఠమెత్తి కూయుచు పోవును. తెలుగున 'పసిగట్టుట' యను చక్కని మాట గలదు. ఆ మాటకు రూపము గట్టినచో బీగిల్ అగును.

ఈ వేట మిగుల ప్రాచీనము. క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దమున గ్రీకు దేశీయుడగు జెనొఫన్, వాసన పట్టు కుక్కలతో కాలినడకన కుందేటిని వలలలోనికి తోలు విధమును ఒక గ్రంథముగా వ్రాసెను. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున ఆరియన్ అనునాతడు చూపుజాగిలముల వేటను గూర్చి వ్రాయుచు, నిజమైన వేటకాడు కుందేటిని చంపుటకై గాక, కుక్కకును కుందేటికిని జరుగు పందెమును చూచుటకై పోవుననియు, కుందేలు తప్పించుకొన్నచో సంతసించుననియు చెప్పెను. ఈ మాటను మీరు మనసున నుంచుకొనుడు. దీని యవసరము ముందు కలుగును.

ఇంగ్లండు దేశమున ఎలిజబెత్ మహారాణి మిక్కిలి చిన్నవియగు బీగిళ్లను పెంచెను. ఇప్పటి బీగిల్ జాతికి మూలముగా చెప్పబడు దండును 1830 ప్రాంతములందు హనీవుడ్ అను మతాచార్యుడు ఎసెక్స్ మండలమున కూర్చెను. 1890 లో అచ్చట బీగిల్ సంఘమును, 1891 లో ఈ దండుల యజమానుల సంఘమును ఏర్పడినవి. నక్కవేటకు గుఱ్ఱములు కావలెను, ధనము కావలెను. బీగిల్ వేటకు రెండు కాళ్లున్న చాలును. కనుకనే రైతులును, చిన్న యుద్యోగులును దీనిని చేపట్టిరి. ఈటన్ వంటి విద్యాలయములు సైతము తమ బాలురకై సొంత దండులను పెంచినవి. అమెరికాకు ఇల్లినాయి రాష్ట్రవాసియగు రోవెట్ సేనాని 1870 తరువాతి సంవత్సరములలో మేలిజాతి బీగిళ్లను తెప్పించెను. 1888 లో ఆ దేశమున జాతీయ బీగిల్ సంఘము పుట్టినది; 1890 లో మాసచూసెట్స్ రాష్ట్రమందలి హయానిస్‌లో తొలి పరీక్షావేట జరిగినది. నేటికిని అక్కడి పల్లెలలో తాత, తండ్రి, మనుమడు కలిసి శీతకాలపు ఉదయమున పోవు వేట ఇదియే.

ఇక ఆ యానందము ఎట్టిదో చెప్పుదుము. తెలుగున మనము అన్నిటిని కుందేలే యందుము గాని, జాతిభేదము గలదు. మన పొలములలోని కుందేలు మెడవెనుక నల్లని మచ్చ గలది, బొరియ త్రవ్వదు, దాని పిల్లలు బొచ్చుతో, తెరచిన కన్నులతో పుట్టును. అమెరికాలో బీగిళ్లు తరుమునది తోకక్రింద దూదిపింజెవంటి తెలుపు గల చిన్నజాతి. దాని పిల్లలు బొచ్చు లేక, కన్ను విడువక పుట్టును. ఈ చిన్నకుందేటికి ఒక స్వభావము గలదు. తరిమినను అది దూరదేశము పోదు. తానెరిగిన కొలది నేలను విడువలేక, చుట్టు తిరిగి లేచిన చోటికే వచ్చును. వేటయంతయు ఈ స్వభావముపై నిలిచియున్నది.

తెల్లవారుజామున, నేల తడిగానున్నపుడు, గాలి తీవ్రముగా వీవనపుడు బయలుదేరుదురు. ఎండిన నేలపై వాసన నిలువదు. కుక్కలు ముండ్లపొదలలో దూరి వెదకును. ఒకటి జాడ పట్టి కూయును. తక్కినవి ఆ కూతను నమ్మి పరుగెత్తి కలియును. మనుష్యులు పరుగెత్తరు, కుందేలు లేచిన చోటనే నిలిచి విందురు. కూత దూరమగును, సన్నగిల్లును, గుట్ట యావల వంక తిరుగును, మరల దగ్గరగును. ఏ కంఠము ఏ కుక్కదో యజమానునకు తెలియును. కుందేలు వాగు దాటెనా, వెనుకకు మరలి ప్రక్కకు దుమికెనా యన్నది కన్నులు మూసికొనియే చెప్పగలడు. ఒక్కసారిగా కూత ఆగును. జాడ తెగినదన్నమాట. ఆ నిశ్శబ్దములో అందరును ఊపిరి బిగబట్టుదురు. ముసలికుక్క యొకటి తెగిన చోటుననే నిదానముగా చుట్టు తిరిగి, దారపుకొనను దొరకించుకొని కూయగానే మరల మేళము మొదలగును. మన భజనగోష్ఠిలో ఒకడు పల్లవి నందించగా తక్కినవారు అందుకొనునట్లుండును. తుపాకితో నిలిచినవాడు, తిరిగివచ్చిన కుందేటిని కొట్టి యింటికి కూరగా గొనిపోవుటయు అచ్చట గలదు. దానిని మేము దాచము.

కాని మేము చెప్పవలసిన ముఖ్యాంశము ఆ పరీక్షావేటలలో నున్నది. అందు తుపాకి లేదు, కుందేటిని చంపరు. అది కలుగులో దూరినచో ఆ పరుగు ముగిసినట్లే. న్యాయనిర్ణేతలు చూచునది జాడను ఎంత సరిగా అనుసరించినదన్న దానినే. వేగమునకంటె నిదానమునకు విలువ యెక్కువ. వారు దోషములుగా ఎన్నినవి వినుడు: జాడ లేకయే కూయుట, జాడను వెనుకదిక్కునకు త్రొక్కుట, తాను వెదకక ఇతరులు పట్టిన జాడకు అడ్డదారిన ముందు చేరుట, జాడ తెగినచోట ఓపికపట్టక విడిచి పోవుట, జాడ పట్టియు నోరు మెదపక తానొక్కతెయే పోవుట. ముప్పది సంవత్సరములు బడిలో నిలిచినవారికి ఈ పట్టిక క్రొత్తది కాదు. సంఘములలో పనిచేసినవారికిని క్రొత్తది కాదని మా నమ్మకము.

మన శాస్త్రము ఏమి చెప్పుచున్నది? మనువు కామజములైన పది వ్యసనములలో మృగయను మొదటనే చెప్పినాడు. మద్యము, జూదము, స్త్రీలోలత్వములతో కలిపి దానిని మిగుల కష్టతమమైన నాలుగింట చేర్చినాడు. కౌటిల్యుడు మాత్రము జూదముకంటె వేట మేలని వాదించెను. వ్యాయామము కలుగుననియు, కఫము, మేదస్సు మున్నగునవి హరించుననియు, కదలు గురిని కొట్టు నేర్పు అబ్బుననియు, మృగములు కోపభయములందు ఎట్లు మెలగునో తెలియుననియు ఆయన చెప్పిన గుణములు. ఈ గుణములలో ప్రాణహరణము లేదని గమనింపుడు. కాళిదాసు శాకుంతలమున సేనాపతిచే వేటను పొగడించియు, రాజుచే ఆశ్రమము చెంత ఆ వేటను మాన్పించెను. మాట యర్థమునే చూడుడు: మృగయా శబ్దమునకు మూలమైన ధాతువునకు అన్వేషణమే యర్థము. వెదకుట వేట, చంపుట దాని చివర వచ్చిచేరిన పని.

కుందేటినిగూర్చి మన దేశపు కథ యొకటి మీకందరకు తెలిసినదే. తుంగభద్రాతీరమున వేటాడుచుండగా ఒక కుందేలు జాగిలములపై తిరుగబడి కరచెననియు, ఆ నేల మహిమను విద్యారణ్యులు గ్రహించి అచ్చట నగరము కట్టుమనిరనియు విజయనగర నిర్మాణమును గూర్చిన ఐతిహ్యము. ఆ కథలో పూజ్యత యెవరికి గలిగెను? కుక్కకు గాదు, వేటగానికి గాదు. తిరిగి నిలిచిన కుందేటికి. వీరవంశీయులమని చెప్పుకొనువారు ఈ సంగతి తలచుకొనవలయును. వందమంది కఱ్ఱలతో, కుక్కలతో చుట్టుముట్టి అయిదు వీసెలైన తూగని ప్రాణిని కొట్టుటలో వీరమేమి గలదు?

ఇంతయే గాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ శాసనముచేత మన కుందేటి వేట నేరము. చంపుట మాత్రమే కాదు, తరుముట, ఉచ్చులొడ్డుట, వలలొడ్డుట కూడ ఆ శాసనమున వేటయే. ఆచారమన్న మాటచే విడుదల కలుగదు. ఈ విద్యకు పుట్టినిల్లనదగిన ఇంగ్లండులోనే 2004 నాటి శాసనము 2005 ఫిబ్రవరి 18 మొదలు అమలులోనికి వచ్చి, కుక్కలతో పెద్దకుందేటిని వేటాడుట నిషిద్ధమైనది. అపుడు అచ్చటి పెక్కు బీగిల్ దండులు, మనిషి ఈడ్చుకొనిపోయిన వాసనగుడ్డ జాడను అనుసరింపసాగినవి. వారికిని తరతరముల యాచారమే యుండెను.

'ఆచారమును పూర్తిగా విడుమందురా?' యని అడుగవచ్చును. విడువవలదు. మన ఆచారములోనే దారి గలదు. కనుమ పండుగతో అహోబల నరసింహస్వామి పారువేటకు బయలుదేరి ఊరూర విజయము చేయును. తిరుమలలో కనుమనాడు స్వామిని పారువేట మంటపమునకు గొనిపోయి, అర్చకులు వేటను అభినయింతురు. దేవుడే వేటకు వెడలినను ఒక ప్రాణియైన చావదు. జనము కూడుదురు, వాద్యములు మ్రోగును, బాలురు పరుగెత్తుదురు. ఉత్సాహమునకు ఏ లోటును లేదు.

కావున ఈ మహాసభవారికి మా విన్నపములు మూడు. మొదటిది: పండుగ పేరిట కుందేళ్ల వేట మన సంఘీయులెవరును చేయరాదని తీర్మానింపుడు, అట్టి వేటకు సంఘనిధినుండి గాని, పోషకుల చేతినుండి గాని ఒక్క రూపాయియు పోరాదు. రెండవది: జాగిలములపై ప్రీతిగల యువకులు స్వదేశపు జాతులను శ్రద్ధగా పెంచుదురు గాక, గుడ్డను ఈడ్చి పరుగు పందెములను, వాసనజాడ పరీక్షలను జరుపుదురు గాక. పోషకులు అందుకు బహుమానములీయవలయును. మూడవది: పెద్దలు పిల్లలను వేకువను పొలములకు గొనిపోయి, ఏ గుర్తు కుందేటిది, ఏది ముంగిసది, ఏది నక్కది యని చూపవలయును. ఆ జాడలను చదువగల ముసలివారు మన యూళ్లలో ఇంకను కొందరు గలరు. వారితో ఆ విద్య పోవుచున్నది. మన పూర్వుల వేటలో నిజముగా కాపాడదగినది అదియే. దానికి ఏ శాసనమును అడ్డురాదు.

'తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు' అన్నట్లు మేము పట్టు పట్టుటలేదు. ఇంతకంటె మేలైన దారిని ఎవరైన చూపినచో వినుటకు సిద్ధముగా నున్నాము. 

స్వస్తి.