హట్టి: గని, జొన్నచేను

(మారేడ్‌పల్లిలో చేసిన స్మారకోపన్యాస పాఠం)



ఎవరి జ్ఞాపకార్థం ఈ సభ జరుగుతోందో ఆ మాస్టారి ఇంటికి వచ్చినవాళ్లంతా ఆయన బల్లమీది తెల్లటి పలుగురాయిని చేతిలోకి తీసుకునేవారు. తిప్పి తిప్పి చూసి, "ఇందులో బంగారం ఎక్కడుందండీ?" అనేవారు. "కంటికి కనిపించేదే అయితే నా బల్లమీద ఎందుకుంటుంది?" అని ఆయన నవ్వేవారు. ఆ రాయి హట్టిది. ఇవాళ నా ప్రసంగమూ ఆ ఊరి గురించే.

హట్టి రాయచూరు జిల్లాలో, లింగసుగూరు దగ్గర ఉంది. ఇప్పుడది కర్ణాటక. కానీ 1956 నవంబరు 1 దాకా రాయచూరు హైదరాబాద్ రాష్ట్రంలోని జిల్లాయే. కాబట్టి పరాయి ఊరి కథ చెబుతున్నానని అనుకోకండి.

హట్టిలో కంపెనీలు అడుగుపెట్టేసరికే అక్కడ పాత తవ్వకాలున్నాయి. కొన్ని ఆరువందల అడుగుల లోతు దాటాయి. అందులో దొరికిన కర్రను పరీక్షిస్తే దాదాపు రెండువేల ఏళ్ల నాటిదని తేలింది. మందుగుండు లేదు, కరెంటు లేదు. రాతికి ఆనించి కట్టెలు పేర్చి మంట పెట్టేవారు. రాయి ఎర్రగా కాలాక నీళ్లు కొట్టేవారు. పెళుసెక్కి పగిలినదాన్ని ఉలితో ఊడదీసి పైకి మోసేవారు. ఆ పొగలో, ఆ లోతులో మనిషి ఊపిరి ఎలా పీల్చాడో తలుచుకుంటే నాకిప్పటికీ గుండె బరువెక్కుతుంది. పైకి తెచ్చిన రాయిని బండలమీద గుంటల్లో నూరేవారు. అలాంటి గుంటలో ఒకసారి చెయ్యి పెట్టి చూశాను. అంచు గరుకుగా ఉంది, అడుగు మాత్రం మా అమ్మమ్మ రోలంత నున్నగా ఉంది.

ఇక్కడే నాదొక వాదన. అంత లోతున పనిచేసేవాళ్లు జొన్న పండించలేరు, వాళ్లకు ఎవరో పండించి పెట్టాలి. కృష్ణా తుంగభద్రల మధ్య నల్లరేగడి ఉండబట్టే ఆ గని సాగిందని నేను నమ్ముతాను. రాయచూరు కోసం విజయనగరమూ బహమనీలూ తరతరాలు కొట్టుకున్నారు. 1520లో కృష్ణదేవరాయలు దాన్ని గెలిచాడు. చరిత్ర పుస్తకాలు కోట గురించి పేజీలు పేజీలు రాస్తాయి గానీ, చేను గురించి ఒక్క వాక్యంతో సరిపెడతాయి.

మరో ముచ్చట. 1915లో బీడన్ అనే గని ఇంజనీరు ఆ ప్రాంతంలోనే, మస్కి దగ్గర, ఒక శిలాశాసనం చూశాడు. అప్పటిదాకా దొరికిన శాసనాల్లో 'దేవానాం పియ', 'పియదసి' అన్న బిరుదులే ఉండేవి. ఆ రాజు అశోకుడేనని పండితులు సింహళ గ్రంథాల ఆసరాతో చెప్పేవారు. మస్కి రాతిమీద మాత్రం 'అశోక' అని పేరే ఉంది. ముందటేడే పుట్టిన నిజాం పురావస్తు శాఖ తన గ్రంథమాలలో మొదటి సంచికగా దీన్నే అచ్చువేసింది, పరిష్కర్త హెచ్. కృష్ణశాస్త్రి. గనుల మనిషికి చక్రవర్తి పేరు దొరికిందన్నమాట!

కంపెనీల కథ క్లుప్తంగా చెబుతాను. ఇంగ్లీషు కంపెనీ నడిపిన గని 1920 నాటికి మూతపడింది. 1947లో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ కంపెనీ పుట్టింది. రాష్ట్రాల పునర్విభజనతో అది మైసూరుకు వెళ్లి, హట్టి పేరు పెట్టుకుంది. 2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు మూసేశారు, హట్టి మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. టన్ను రాయి పిండి చేస్తే వచ్చేది కొద్ది గ్రాములే. షాఫ్టుల్లో ఒకదాని పేరు 'మల్లప్ప'. గనికి మనిషి పేరు ఉండటం నాకు నచ్చింది.

ఈలోగా నేలమీద ఒక వలస జరిగింది. తుంగభద్ర ఎడమ కాలువ పారాక మన కోస్తా రైతులు తమ ఎకరాలు అమ్ముకుని సింధనూరు, మాన్వి వైపు వెళ్లారు. తుమ్మచెట్లు కొట్టి, నల్లరేగడి చదును చేసి వరి పెట్టారు. వాళ్ల ఊళ్లను ఇప్పటికీ 'క్యాంపు' అనే అంటారు, మూడో తరం వచ్చినా సరే.

నేను వెళ్లినప్పుడు ఒక క్యాంపులో టీ కొట్టు దగ్గర ఆగాను. బోర్డంతా కన్నడం. గ్లాసు అందిస్తూ పెద్దాయన, "ఏ ఊరండి మీది?" అని గోదావరి యాసలో అడిగాడు. సికింద్రాబాదు మారేడ్‌పల్లి అన్నాను. హట్టి గని చూసి వస్తున్నానని కూడా చెప్పాను.

"నలభై ఏళ్లయిందండి నేనొచ్చి. ఒక్కసారీ వెళ్లలేదు. ఏముందండి అక్కడ, రాళ్లేగా" అని, బల్లమీద టీ మరకలు తుడుస్తూ, "సికింద్రాబాదులో సోనా మసూరి బస్తా ఎంతుందండీ ఇప్పుడు?" అన్నాడు.